ప్రతిపక్షం పాలనకు సిద్ధంగా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి? బెంగళూరు ఓటరుకు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆంధ్ర నుంచి వచ్చి మారతహళ్లిలో స్థిరపడ్డారు, ఓటు కూడా ఇక్కడికే మార్చుకున్నారు. 2028లో కర్ణాటక శాసనసభ ఎన్నికలు. అధికారంలో ఉన్నవాళ్ల పని కళ్లముందే ఉంది కాబట్టి బేరీజు వేసుకోగలరు. ప్రతిపక్ష నాయకులు రేపు పగ్గాలు చేతికొస్తే నడపగలరో లేదో మాత్రం అర్థం కావడం లేదు. దానికి తోడు, అంతా పాత ముఖాలే కనిపిస్తున్నాయి, అది మంచిదా చెడ్డదా అని ఇంకో ప్రశ్న.

ముందు సూటి జవాబు. మూడు చూడండి: డబ్బు లెక్క, మనుషుల జాబితా, మొదటి మూడు నెలల్లో ఏది ముందు ఏది వెనక అన్న వరస. ఈ మూడింట్లో డబ్బు లెక్కది మొదటి స్థానం. అది లేని పార్టీ, మిగతా రెండూ ఉన్నా ఆరు నెలల్లో చేతులెత్తేస్తుంది. కర్ణాటక సంగతి అడిగారు కాబట్టి నా అంచనా కూడా చెప్పేస్తాను. 2025 చివరి దాకా బయటికి కనిపించినదాన్ని బట్టి చూస్తే ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ, జేడీఎస్ (జనతాదళ్ సెక్యులర్) కూటమికి పాలించిన అనుభవం బాగానే ఉంది. రాబోయే ప్రభుత్వానికి కావలసిన సన్నద్ధత మాత్రం ఇంకా కనిపించలేదు. ఈ రెండింటినీ కలిపి చూడకండి. ఒకప్పుడు పాలించినంత మాత్రాన 2028కి సిద్ధంగా ఉన్నట్టు కాదు, ఖజానా పరిస్థితి అప్పటిది కాదు.

ఈ మూడింట్లో పాదయాత్రలు, ధర్నాలు, వాకౌట్లు లేవు. వాటిని ఎందుకు పక్కన పెట్టమంటున్నానో తెలుగువాళ్లకు చెప్పడం తేలిక. జగన్ పార్టీ 2017 చివర్లో అసెంబ్లీని బహిష్కరించింది, ఆయన పాదయాత్ర చేశారు, 2019లో 151 సీట్లతో గెలిచారు. చంద్రబాబు 2021 నవంబరులో ముఖ్యమంత్రిగానే మళ్లీ సభలో అడుగుపెడతానని చెప్పి బయటికొచ్చేశారు, 2024లో కూటమి 164 సీట్లు గెలిచింది. అంటే సభకు వెళ్లకుండా గెలవచ్చు. గెలుపు వేరే పరీక్ష. ఇల్లలకగానే పండగ కాదు, ప్రమాణ స్వీకారం మర్నాడు టేబుల్ మీదికొచ్చే ఫైళ్లు ఎవరు ఎంత తిరిగారని అడగవు.

2019 జూన్ తర్వాత ఆంధ్రలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. పాత ఇసుక విధానం ఆగిపోయింది, కొత్తది అమల్లోకి వచ్చింది సెప్టెంబరు 5న. ఆ మధ్య నెలల్లో ఇసుక దొరక్క భవన నిర్మాణ కూలీలకు పని పోయింది, వరదలొచ్చి ఆ కొరత ఇంకా సాగింది. అదే ప్రభుత్వం గ్రామ, వార్డు సచివాలయాలను మాత్రం లక్షకు పైగా ఉద్యోగాలకు పరీక్ష పెట్టి, నియామకాలు జరిపి, అక్టోబరు 2కల్లా తెరిచేసింది. ఒకే జట్టు, ఒకే నాలుగు నెలలు. సచివాలయాల మీద ముందే కసరత్తు జరిగింది, ఇసుక మీద జరగలేదు. సన్నద్ధత పార్టీ మొత్తానికి ఒకే ముద్దగా ఉండదు, పని పనికీ వేరుగా ఉంటుంది. అందుకే "వాళ్లు సిద్ధమేనా" అని గుండుగుత్తగా కాకుండా ఒక్కో శాఖ పేరు పెట్టి అడగాలి.

ఇప్పుడు డబ్బు. కర్ణాటక ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఏటా బడ్జెట్‌తో పాటు మధ్యకాలిక ద్రవ్య ప్రణాళిక అని ఒక పత్రం పెడతారు. ఏ పార్టీ మానిఫెస్టో చదివే ముందైనా అది ఒకసారి తిరగేయండి, ఒక గంట పని. 2025 మార్చి 7న పెట్టిన 2025-26 బడ్జెట్ లెక్క ఇదీ: మొత్తం 4,09,549 కోట్లు. ద్రవ్యలోటు (రాబడికి మించిన ఖర్చు కోసం ఆ ఏడాది తెచ్చే అప్పు) 90,428 కోట్లు, అంటే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 2.95 శాతం. మొత్తం అప్పులు 24.91 శాతం. కర్ణాటక 2002లోనే ద్రవ్య బాధ్యత చట్టం తెచ్చుకుంది, దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం ఇదే. ద్రవ్యలోటు 3 శాతం, అప్పులు 25 శాతం దాటకూడదన్నది దాని కట్టుబాటు.

ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఆ ఏడాది లోటుకు మిగిలిన జాగా 0.05 శాతం. స్థూల ఉత్పత్తి దాదాపు 30.6 లక్షల కోట్లనుకుంటే ఆ జాగా విలువ సుమారు 1,500 కోట్లు. అంతే. నాలుగు లక్షల కోట్ల బడ్జెట్‌లో కొత్తగా అప్పు తెచ్చి ఖర్చు పెట్టడానికి చట్టం మిగిల్చినది అది. ఏ పార్టీ గెలిచినా కొత్త పథకానికి డబ్బు కావాలంటే మూడే దారులు: పన్నులు పెంచాలి, ఉన్న పథకం కోయాలి, రోడ్లు, నీటిపారుదల లాంటి పెట్టుబడి పనులు ఆపాలి. ఈ మూడింట్లో ఏది చేస్తారో చెప్పని హామీ గాలిలో లెక్కే.

అధికారంలో ఉన్న కాంగ్రెస్ 2023లో ఇచ్చిన అయిదు గ్యారంటీల ఖర్చు కూడా చేతిలో పెట్టుకోండి. 2025-26లో గృహలక్ష్మికి (ఇంటి యజమానురాలికి నెలకు రెండు వేలు) 28,608 కోట్లు, గృహజ్యోతికి (ఉచిత కరెంటు) 10,100, అన్నభాగ్యకు (ఉచిత బియ్యం) 6,426, శక్తికి (ఆడవాళ్లకు ఉచిత బస్సు) 5,300, యువనిధికి (నిరుద్యోగ భృతి) 600. కలిపితే 51,034 కోట్లు, బడ్జెట్‌లో ఎనిమిదో వంతు. ప్రతిపక్షం ఈ అంకెను విమర్శిస్తుంది, విమర్శించాలి కూడా. అయితే మీరు వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న: అయిదింట్లో ఏది ఉంచుతారు, ఏది తీసేస్తారు, ఉంచినదాన్ని ఎవరికి పరిమితం చేస్తారు? దీనికి రాతపూర్వకంగా జవాబిచ్చిన రోజున ఆ పార్టీ సన్నద్ధత సగం తేలిపోతుంది. "రాష్ట్రాన్ని దివాలా తీయించారు" అని ఒక నోటితో, "మేమొస్తే ఇంకా ఎక్కువిస్తాం" అని ఇంకో నోటితో అంటుంటే లెక్క వేయలేదని అర్థం.

లెక్క మీరే వేసుకోవచ్చు, కష్టం కాదు. గృహలక్ష్మి అందుకునే ఆడవాళ్లు దరిదాపు కోటీ ఇరవై లక్షలు. రేపు ఎవరైనా "రెండు వేలు కాదు, రెండున్నర వేలు" అన్నారనుకోండి. నెలకు 500 చొప్పున, పన్నెండు నెలలకు 7,200 కోట్లు. పైన చెప్పిన 1,500 కోట్ల జాగాకు ఇది అయిదింతలకు దగ్గర. ఈ గుణకారం చేయడానికి అయిదు నిమిషాలు చాలు. అది చేయని నాయకుడికి ఆర్థిక శాఖ అప్పజెప్పడం ఎలా?

డబ్బొకటే చాలదు, సరుకు కూడా ఉండాలి. ఇక్కడే చాలా హామీలు బోల్తా పడతాయి. రెండు పార్టీల నుంచీ ఒక్కో ఉదాహరణ చెబుతాను.

2023 ఎన్నికల్లో బీజేపీ మానిఫెస్టోలో పేద కుటుంబానికి రోజూ అర లీటరు నందిని పాలు అన్న హామీ ఉంది. పేదల రేషన్ కార్డులు కోటీ ఇరవై లక్షల దాకా అనుకుంటే రోజుకు 60 లక్షల లీటర్లు. అప్పట్లో పాల సమాఖ్య రోజుకు సేకరించే పాలు 80 లక్షల లీటర్ల దరిదాపు. అంటే సేకరణలో ముప్పాతిక దాకా ఉచితానికే పోవాలి. మనం పాల బూత్‌లో కొనే పాలు, పెరుగు, నెయ్యి, పాలపొడి అన్నీ మిగిలిన దాంట్లోంచే రావాలి. అప్పటి ధర లీటరు 39 రూపాయల చొప్పున ఏడాదికి ఎనిమిదిన్నర వేల కోట్లు. డబ్బు దొరికినా పాలు ఎక్కడివి, తెల్లారేసరికి పల్లెపల్లెకూ పాకెట్లు చేర్చే బండ్లు, చల్లని గదులు ఎక్కడివి అన్న ప్రశ్నకు మానిఫెస్టోలో జవాబు లేదు.

కాంగ్రెస్ గెలిచింది కాబట్టి వాళ్ల హామీకి నిజం పరీక్షే జరిగింది. అన్నభాగ్య కింద మనిషికి పది కిలోల బియ్యమన్నారు. అందులో అయిదు కిలోలు కేంద్రం ఆహార భద్రత చట్టం కింద ఇచ్చేవే. మిగతా అయిదుకు నెలకు రెండు లక్షల టన్నులకు పైగా బియ్యం కావాలి. దాన్ని భారత ఆహార సంస్థ దగ్గర కొనవచ్చనుకున్నారు. 2023 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకు ఆ అమ్మకం ఆపేసింది. అంత బియ్యం బయట అంత త్వరగా దొరకలేదు, చివరికి కిలోకు 34 రూపాయల లెక్కన మనిషికి 170 రూపాయలు ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. కేంద్రం చేసింది సరైనదా కాదా అన్న వాదన పక్కన పెడితే, సరుకు మొత్తానికీ ఒకే చోటు మీద, అదీ ఎదుటి పార్టీ చేతిలో ఉన్న చోటు మీద ఆధారపడి హామీ ఇచ్చారు. రెండో దారి సిద్ధంగా పెట్టుకోలేదు.

అదే కాంగ్రెస్ శక్తి పథకాన్ని మాత్రం ప్రమాణ స్వీకారమైన మూడు వారాల్లో, 2023 జూన్ 11న పట్టాలెక్కించింది. తెలంగాణలో ప్రభుత్వం ఏర్పడింది డిసెంబరు 7న, ఆడవాళ్లకు ఉచిత బస్సు డిసెంబరు 9న. ఆంధ్రలో ఉచిత బస్సుకు 2025 ఆగస్టు 15 దాకా పట్టింది కానీ, పెంచిన పింఛను 2024 జులై 1నే ఇంటికి చేరింది. ఎందుకిలా? బస్సు, కండక్టరు, టికెట్ మిషను ముందే ఉన్నాయి, సున్నా టికెట్ కొట్టడం ఒక్కటే కొత్త. ఆంధ్రలో పింఛను పంచే యంత్రాంగం ముందే ఉంది, అంకె ఒక్కటే మారింది. ఉన్న యంత్రాంగం మీద నడిచే హామీ వారాల్లో మొదలవుతుంది, కొత్త జాబితా, కొత్త సరుకు, కొత్త సిబ్బంది కావాల్సిన హామీకి నెలలు పడుతుంది. ప్రతిపక్షం తన హామీలను ఈ రెండు కుప్పలుగా విడగొట్టి తేదీలు చెబుతోందా, లేక అన్నిటికీ "మొదటి క్యాబినెట్‌లోనే" అంటోందా చూడండి. రెండోది అంటే వరస ఆలోచించలేదు.

చిన్న అక్షరాల్లో ఉండే షరతుల సంగతి కూడా చెప్పాలి. బెంగళూరులో అద్దెకుండేవాళ్లందరికీ బెస్కాం (ఇక్కడి కరెంటు సంస్థ) బిల్లు మీద ఇది అనుభవమే. ఎన్నికల ముందు మాట: 200 యూనిట్ల దాకా ఉచితం. అధికారంలోకి వచ్చాక వచ్చిన ఉత్తర్వు: 2022-23లో మీ నెలసరి సగటు ఎంతో దాని మీద ఇంకో పది శాతం కలిపినంత వరకే ఉచితం. సగటు 100 యూనిట్లుంటే 110 దాకా ఉచితం, 150 కాలిస్తే మిగతా 40కి డబ్బు కట్టాలి, 200 దాటితే మొత్తం బిల్లు మీదే. ఈ షరతు సమంజసమే. అది లేకపోతే 100 కాల్చేవాళ్లంతా 199 కాలుస్తారు, లెక్క తలకిందులవుతుంది. తప్పల్లా ఏమిటంటే ఎన్నికల ముందు దాన్ని చెప్పకపోవడం. సన్నద్ధంగా ఉన్న ప్రతిపక్షం షరతులను ముందే రాసుకుంటుంది, అడిగితే చెబుతుంది.

మాట ఇచ్చి తర్వాత పన్ను వేయడం కర్ణాటకకు కొత్త కాదు. 2018లో రైతుల అప్పులన్నీ మాఫీ అని ప్రచారం చేసిన జేడీఎస్ నేత కుమారస్వామి, ముఖ్యమంత్రయ్యాక జులై బడ్జెట్‌లో 34,000 కోట్ల మాఫీ ప్రకటిస్తూ అదే రోజు పెట్రోలు మీద లీటరుకు 1.14 రూపాయలు, డీజిలు మీద 1.12 రూపాయల భారం వేశారు. పన్ను వేయడాన్ని తప్పుబట్టడం లేదు, ఎక్కడినుంచో రావాలి కదా. ఎన్నికల ముందు ఆ సంగతి ఓటరుకు తెలిసి ఉండాల్సింది.

ఇక మనుషులు. బ్రిటన్‌లో లాగా నీడ మంత్రివర్గం పెట్టే ఆనవాయితీ మన దేశంలో లేదు. కాబట్టి దాన్ని మీరే కాగితం మీద తయారుచేసుకోవాలి. పన్నెండు శాఖల పేర్లు రాయండి: ఆర్థికం, హోం, రెవెన్యూ, జలవనరులు, విద్యుత్తు, బెంగళూరు అభివృద్ధి, ఆరోగ్యం, పాఠశాల విద్య, వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి, రవాణా, ఆహార సరఫరా. ఒక్కోదాని ఎదురుగా, గత రెండేళ్లలో ఆ శాఖ మీద సభలో అంకెలతో మాట్లాడిన ప్రతిపక్ష సభ్యుడి పేరు రాయండి. కులం పేరు చెప్పి, జిల్లా పేరు చెప్పి "ఆయనకు మంత్రి పదవి ఖాయం" అనే పేర్లు ఇందులో రాయకండి. ఆరేడు గళ్లు నిండితే ఫరవాలేదు. మూడు నాలుగు దగ్గరే ఆగిపోతే, గెలిచినా ఆ శాఖలు అధికారుల చేతుల్లోకి పోతాయి.

కర్ణాటక ప్రతిపక్షం విషయంలో ఆర్థిక శాఖ గడి దగ్గరే చిక్కుంది. కూటమిలో రాష్ట్ర బడ్జెట్ పెట్టిన అనుభవం ఉన్నవాళ్లు ఎవరు? బీజేపీ మాజీ ముఖ్యమంత్రుల్లో యడియూరప్ప ఎన్నికల పోటీ నుంచి తప్పుకున్నారు. బొమ్మై, శెట్టర్ 2024లో పార్లమెంటుకు వెళ్లారు. కుమారస్వామి కేంద్రమంత్రి అయ్యారు. 2024 జూన్ తర్వాత శాసనసభలో ప్రతిపక్ష బెంచీల మీద బడ్జెట్ పెట్టిన మనిషి ఒక్కరు కూడా లేరు. దీనికి ఎదురుగా 2023 మేలో గెలిచిన సిద్ధరామయ్యను చూడండి, అప్పటికే పదమూడు బడ్జెట్లు పెట్టి ఉన్నారు. మే 20న ప్రమాణం చేసి జులై 7కల్లా 3.27 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టగలిగారంటే అదే కారణం. ప్రతిపక్షం ఆ లోటును పూడ్చుకోవచ్చు. పార్లమెంటులో ఉన్నవాళ్లను తిరిగి తెచ్చుకోవచ్చు, లేదా నలుగురు యువ ఎమ్మెల్యేలకు ఆర్థికం అప్పజెప్పి మూడేళ్లు సానబెట్టవచ్చు. రెండో దారే మేలని నా అభిప్రాయం. ఆ పని జరుగుతోందో లేదో మార్చి సమావేశాల్లో తెలుస్తుంది.

నాయకుడెవరన్నది తేల్చుకోలేకపోవడం ఇంకో ప్రమాద సూచన. 2023 మే 13న ఓడిన బీజేపీ ప్రతిపక్ష నేతగా అశోకను ప్రకటించింది నవంబరు 17న. జులైలో కొత్త ప్రభుత్వపు మొదటి బడ్జెట్ సమావేశాలు ప్రతిపక్ష నేత లేకుండానే అయిపోయాయి. అయిదు గ్యారంటీలకూ డబ్బు ఎలా సర్దారో నిలదీయాల్సిన సమయమది. కాంగ్రెస్ కూడా 2019 జులైలో అధికారం పోయాక సిద్ధరామయ్యను ప్రతిపక్ష నేతను చేయడానికి అక్టోబరు దాకా తీసుకుంది, కాబట్టి ఇది ఒక పార్టీ జబ్బు కాదు. అయినా ఆరు నెలలు చాలా ఎక్కువ. ఆ తర్వాత కూడా అంతర్గత గొడవలు ఆగలేదు. 2025 మార్చిలో ఎమ్మెల్యే యత్నాళ్‌ను, మేలో ఇంకో ఇద్దరు ఎమ్మెల్యేలు సోమశేఖర్‌ను, హెబ్బార్‌ను పార్టీ నుంచి బహిష్కరించారు. క్రమశిక్షణ కోసం వేటు వేయడం ఒక లెక్కన మంచిదే. కానీ రేపటి ముఖ్యమంత్రి ఎవరు, జేడీఎస్‌తో సీట్లు, శాఖలు ఎలా పంచుకుంటారు అన్నది ఎన్నికల ముందే తేలకపోతే దాని ఖర్చు ప్రజల మీద పడుతుంది.

ఎలా పడుతుందో 2019 ఆగస్టులో చూశాం. జులై 26న యడియూరప్ప ఒక్కరే ప్రమాణం చేశారు. ఆగస్టు 20న పదిహేడు మంది మంత్రులు వచ్చే దాకా, ఇరవై అయిదు రోజులు, ప్రభుత్వమంటే ముఖ్యమంత్రి ఒక్కరే. సరిగ్గా అప్పుడే బెళగావి, బాగలకోటె వైపు కృష్ణా వరదలు ముంచెత్తాయి. జిల్లాకో ఇన్‌చార్జి మంత్రి ఉండి, అక్కడే కూర్చుని, కలెక్టరుతో పునరావాస శిబిరాలు, పరిహారం చూసుకోవాల్సిన రోజులవి. మంత్రులే లేరు. శాఖలు ఎందుకు తేలలేదంటే, అధికారం వచ్చిన దారే అలాంటిది. అంతకు ముందున్న కాంగ్రెస్, జేడీఎస్ ప్రభుత్వం పడిపోవడానికి కారణమై అనర్హులైన పదిహేడు మంది ఎమ్మెల్యేలకు మాట ఇచ్చి ఉన్నారు. డిసెంబరు ఉప ఎన్నికలు అయ్యాక, 2020 ఫిబ్రవరిలో వాళ్లలో గెలిచినవాళ్ల నుంచి పదిమందికి మంత్రి పదవులు ఇచ్చారు. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం 224 మంది సభలో మంత్రుల సంఖ్య 15 శాతం మించకూడదు, ముఖ్యమంత్రితో కలిపి 34 దగ్గర ఆగిపోతుంది. మాటలు ఎక్కువ ఇచ్చినకొద్దీ ఖాళీలు తక్కువవుతాయి.

2023లో ఫలితాలు 13న వస్తే ముఖ్యమంత్రి పేరు 18 దాకా తేలలేదు, అదీ మచ్చే. అయినా 20న పదిమంది, 27న ఇంకో ఇరవై నలుగురు, వారంలో 34 మందీ కూర్చున్నారు. ప్రమాణ స్వీకారానికీ పూర్తి మంత్రివర్గానికీ మధ్య ఎన్ని రోజులన్నది సన్నద్ధతకు నాకు తెలిసిన అతి నిక్కచ్చి కొలమానం. గెలిచాక గానీ కొలవలేం కదా అంటారు. ముందుగా కొలవాలంటే టికెట్ల పంపిణీ చూడండి. నామినేషన్ల చివరి రోజు దాకా పేర్లు తేలక, తిరుగుబాటుదారులు గుంపులుగా బయటపడే పార్టీలో శాఖల పంపిణీ కూడా అలాగే ఉంటుంది.

సభలో ఏం చూడాలో కూడా చెప్పాలి, ఎందుకంటే టీవీలో చూపించేది అది కాదు. బడ్జెట్ ప్రసంగం అయ్యాక కొన్ని రోజులు సాధారణ చర్చ, తర్వాత శాఖలవారీ పద్దులు (ఒక్కో శాఖకు అడిగే డబ్బు). చివరి రోజున సమయం అయిపోయిందని మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఆమోదించేస్తారు. ప్రతిపక్షం ఎన్ని పద్దుల మీద మాట్లాడింది, ఎన్ని కోత తీర్మానాలు (అడిగిన డబ్బు తగ్గించాలనే తీర్మానాలు) పెట్టింది, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలోంచి ఏ పేరా ఎత్తింది అన్నవి గమనించండి. 2025 మార్చి 21న, బడ్జెట్ సమావేశాల చివరి రోజున, కాగితాలు చించి సభాపతి మీదికి విసిరినందుకు 18 మంది బీజేపీ సభ్యులను ఆరు నెలలు సస్పెండ్ చేశారు. మే నెలలో దాన్ని ఎత్తేశారు. ఆరు నెలల శిక్ష మితిమీరినదే. అయినా బడ్జెట్ సమావేశాల చివరి రోజును ప్రతిపక్షం గొడవలో పోగొట్టుకోవడం ఎవరికి లాభం? ప్రభుత్వానికే.

ఆంధ్రలో ఇంకో చిక్కుంది. 2024లో వైసీపీకి 175కి 11 సీట్లే వచ్చాయి, పదో వంతు లేదని ప్రధాన ప్రతిపక్ష హోదా ఇవ్వలేదు. అలాంటప్పుడు సభలో దొరికే సమయమే తక్కువ, ఆ పార్టీని సభా పనితీరు ఒక్కదానితో తూచడం న్యాయం కాదు. కర్ణాటకలో 2023లో 66 సీట్లు గెలిచిన బీజేపీకి ఆ ఇబ్బంది లేదు.

మీ ఊరి విషయంతో ఒక పరీక్ష పెట్టి చూడండి. 2025 ఫిబ్రవరి 9 నుంచి మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలైంది. బీజేపీ రాష్ట్రాన్ని తిట్టింది, కాంగ్రెస్ కేంద్రాన్ని తిట్టింది. నిజానికి మెట్రో సంస్థ కేంద్రానిదీ రాష్ట్రానిదీ చెరిసగం. ఛార్జీలు తేల్చే కమిటీని కేంద్రం వేస్తుంది, మెట్రో సంస్థ అడిగితే వేస్తుంది. ఆ కమిటీ చెప్పింది సంస్థ పాటించి తీరాలని 2002 నాటి మెట్రో చట్టం చెబుతుంది. ఇంత తెలిసిన ప్రతిపక్ష నాయకుడు "తగ్గించండి" అని ఊరుకోడు. "మేమొస్తే కొత్త కమిటీ వేయమని ఫలానా నెలలో అడుగుతాం, అంతవరకు రాష్ట్ర బడ్జెట్ నుంచి ఇన్ని కోట్లు ఇచ్చి విద్యార్థులకు టికెట్ ధర తగ్గిస్తాం" అంటాడు. మీ నియోజకవర్గంలో ఓటడగడానికొచ్చే వాళ్లను ఇదే అడగండి. మెట్రో ఎవరి కిందికి వస్తుందో తెలియకుండా మాట్లాడితే అక్కడే తెలిసిపోతుంది.

నీళ్ల మీద కూడా అంతే. 2024 మార్చిలో ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వాళ్లు మర్చిపోరు. ఆ అక్టోబరు 16న కావేరి అయిదో దశ మొదలైంది, రోజుకు 775 మిలియన్ లీటర్లు, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం. 2025 ఏప్రిల్‌లో నీటి ఛార్జీలు పెంచారు, 2014 తర్వాత అదే మొదటిసారి. పెంపును వ్యతిరేకించే పార్టీ, నీళ్లు పైకి తోడే కరెంటు బిల్లు ఎవరు కట్టాలో కూడా చెప్పాలి.

చివరగా పాత ముఖాల ప్రశ్న. పాతవాళ్లు ఉండడం తప్పు కాదు. పైన చూశారుగా, ఆర్థిక శాఖకు పాత చేయి లేకపోవడమే ఇప్పటి లోటు. అశోక రెవెన్యూ, హోం, రవాణా చూసిన మనిషి, ఆ అనుభవం పనికొస్తుంది. చూడాల్సింది వాళ్ల వెనక రెండో వరస ఉందా అన్నది. బెంగళూరులో ఆ రెండో వరస తయారయ్యే చోటు నగరపాలికె. దాని ఎన్నికైన కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. 2025 సెప్టెంబరులో నగరాన్ని అయిదు కార్పొరేషన్లుగా విడదీసే దాకా ఎన్నికలే లేవు. అందులో మొదటి మూడేళ్లకు దగ్గరగా అధికారంలో ఉన్నది బీజేపీ, తర్వాతి రెండేళ్లు కాంగ్రెస్. ఇద్దరూ కార్పొరేటర్లను తయారుచేసుకునే అవకాశాన్ని చేజేతులా వదులుకున్నారు. అందుకని మీ వార్డులో కార్పొరేషన్‌కు పోటీ చేసే ప్రతిపక్ష అభ్యర్థి దగ్గరికి వెళ్లండి. మూడు అడగండి: మన కార్పొరేషన్‌కు ఆస్తి పన్ను కింద ఏడాదికి ఎంత వస్తుంది, చెత్త ఎత్తడానికి అందులో ఎంత పోతుంది, నీళ్ల బోర్డు మీద కార్పొరేటర్‌కు ఏ అధికారం ఉంది. మొదటి రెండింటికి అంకె కావాలి. మూడోదానికి, నీళ్ల బోర్డు రాష్ట్ర ప్రభుత్వం కింద వేరే సంస్థ, కార్పొరేటర్ మాట దాని మీద నేరుగా చెల్లదు అన్న జవాబు వస్తే ఆ మనిషి చదువుకుని వచ్చినట్టే. "నేనొస్తే రోజూ నీళ్లు" అంటే ఇంకో అభ్యర్థి దగ్గరికి వెళ్లి అవే మూడు అడగండి.